ఆఫీసులో లింగ గుర్తింపు పాలసీ మీద అభిప్రాయం అడిగారు, ఏం రాయాలి?

మీరు అడిగింది ఇదీ: కంపెనీ వాళ్లు లింగ గుర్తింపు, ఇన్‌క్లూజన్ మీద ఒక పాలసీ డ్రాఫ్ట్ అందరికీ మెయిల్ చేశారు, వచ్చే శుక్రవారంలోగా అభిప్రాయాలు పంపమన్నారు. మీరు ట్రాన్స్ వ్యక్తి (పుట్టినప్పుడు రాసిన లింగం కాక వేరే లింగంగా తమను గుర్తించుకునేవారు) కారు. మీ టీమ్‌లో ఒకరు ట్రాన్స్ అని మీకు మాత్రమే చెప్పారు. వాళ్లకు ఉపయోగపడేలా ఏదైనా రాయాలని ఉంది, ఏం రాయాలో తెలియడం లేదు. రాస్తే పైవాళ్ల దృష్టిలో పడతానేమోనని టెన్షన్ కూడా ఉంది.

తప్పకుండా రాయండి. నేను చాలా ఏళ్లు హెచ్‌ఆర్‌లో పనిచేశాను, ఇలాంటి డ్రాఫ్టుల మీద వచ్చిన సమాధానాలు చదివే కమిటీల్లో కూర్చున్నాను. అక్కడ జరిగేది చెబుతాను. "చాలా మంచి ప్రయత్నం, అభినందనలు" అని వచ్చేవి ఒక కుప్ప. "ఇవన్నీ ఇప్పుడు మనకెందుకు" అని వచ్చేవి ఇంకో కుప్ప. రెండిటినీ లెక్కపెట్టి పక్కన పెడతారు, డ్రాఫ్ట్‌లో ఒక్క అక్షరం మారదు. మారేది ఎప్పుడంటే, ఎవరో ఒకరు ఫలానా పేరా చూపించి, "ఫలానా రోజున ఒక మనిషి వచ్చి ఈ కౌంటర్ ముందు నిలబడితే మీ వాక్యం ప్రకారం ఏం జరుగుతుంది?" అని అడిగినప్పుడు. ఆ ప్రశ్నకు కమిటీ దగ్గర జవాబు లేకపోతే వాక్యం తిరగరాయక తప్పదు. మీరు రాసే ప్రతి పాయింటూ ఈ పద్ధతిలోనే రాయండి: ఎవరు చేయాలి, ఎన్ని రోజుల్లో చేయాలి, చేయకపోతే ఎవరి దగ్గరకు వెళ్లాలి.

అన్నిటికంటే ముందు మీ సహోద్యోగి సంగతి. "మా టీమ్‌లో ఒకరు ఉన్నారు, వాళ్ల కోసం అడుగుతున్నాను" అని మాత్రం రాయకండి. పేరు రాయకపోయినా ఎనిమిది మంది ఉన్న టీమ్‌లో ఆ ఒక్కరు ఎవరో ఊహించడానికి ఎంతోసేపు పట్టదు. వాళ్లు మిమ్మల్ని నమ్మి చెప్పిన విషయం మీ మంచి ఉద్దేశం వల్లే బయటపడకూడదు. ఏకాంతంగా ఉన్నప్పుడు అడగండి: "ఈ డ్రాఫ్ట్ మీద నేను రాద్దామనుకుంటున్నాను, నీకు ఏది ముఖ్యం, నేను ఏది రాయకూడదు?" అని. వాళ్లు వద్దన్న అంశం, అది ఎంత మంచి పాయింటైనా సరే, వదిలేయండి. ఇంకో జాగ్రత్త: అనామక సర్వే అని చెప్పినా, ఆఫీసు లాగిన్‌తో తెరుచుకునే లింక్ నిజంగా అనామకం కావాలని లేదు. విభాగం, వయసు, ఎన్నేళ్ల సర్వీసు అనే మూడు గడులు నింపితే చాలు, చిన్న ఆఫీసులో మనిషి దొరికిపోతారు. ఈ సంగతే మీ సమాధానంలో మొదటి పాయింట్‌గా రాయొచ్చు. ట్రాన్స్ ఉద్యోగులు భయం లేకుండా అభిప్రాయం చెప్పే దారి ఈ సర్వేలో లేదు, బయటి సంస్థ ద్వారా గానీ కాగితం మీద గానీ ఇంకో దారి పెట్టండి అని.

ఇక చట్టం. కంపెనీ దీన్ని దయతో చేస్తున్నట్టు డ్రాఫ్ట్ మొదటి పేజీలో రాసుకుంటే, మర్యాదగానే సరిదిద్దండి. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు తన లింగ గుర్తింపును తాను నిర్ణయించుకునే హక్కు వ్యక్తికి ఉందని చెప్పింది. ఆ తర్వాత 2019లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం వచ్చింది, 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. దాని తొమ్మిదో సెక్షన్ నియామకం, ప్రమోషన్ సహా ఉద్యోగ విషయాల్లో వివక్ష చూపకూడదంటుంది. పదకొండో సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థా ఒక ఫిర్యాదు అధికారిని నియమించాలి. సంస్థ అంటే ప్రైవేటు కంపెనీలూ వస్తాయి. 2020 నిబంధనల్లో పన్నెండోది ఇంకా వివరంగా ఉంటుంది: సమాన అవకాశాల పాలసీ ప్రచురించాలి, వెబ్‌సైట్‌లో గానీ ఆఫీసులో అందరికీ కనిపించే చోట గానీ పెట్టాలి, అందులో టాయిలెట్ల వంటి సదుపాయాలు, భద్రత, ఉద్యోగి లింగ గుర్తింపును గోప్యంగా ఉంచడం, ఫిర్యాదు అధికారి వివరాలు ఉండాలి. అంటే మీ చేతికొచ్చిన డ్రాఫ్ట్ చాలా ఏళ్ల కిందటే ఉండాల్సిన కాగితం. 2025 అక్టోబరులో జేన్ కౌశిక్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయంలోనే గట్టిగా మాట్లాడింది. జేన్ కౌశిక్ ట్రాన్స్ మహిళ, టీచర్; ఆమెను ఒక స్కూలు మాన్పించింది, ఇంకో స్కూలు ఆఫర్ ఇచ్చాక చేర్చుకోలేదు. కోర్టు ఆమెకు పరిహారం ఇప్పించి, సమాన అవకాశాల విధానం తయారీకి జస్టిస్ ఆశా మేనన్ అధ్యక్షతన కమిటీ వేసింది. చట్టాలకు సవరణలు వస్తూ ఉంటాయి కాబట్టి సెక్షన్ నంబర్లు రాసే ముందు ఆ రోజుకు అమల్లో ఉన్న పాఠాన్ని ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి. పాత నంబర్ ఒక్కటి పడితే దాన్ని పట్టుకుని మీ మొత్తం సమాధానాన్ని తేలిక చేసేవాళ్లు ఉంటారు.

డ్రాఫ్టులు ఎక్కువగా తేలిపోయేది పేరు దగ్గర. "ఉద్యోగి కోరుకున్న పేరును గౌరవిస్తాం" అని ఒక వాక్యం ఉంటుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆఫీసులో మనిషి పేరు ఎన్ని చోట్ల ఉంటుందో ఒక్కసారి లెక్క వేయండి. ఐడీ కార్డు, మెయిల్ ఐడీ, చాట్‌లో కనిపించే పేరు, హాజరు యంత్రం, పేరోల్, పీఎఫ్, బీమా కార్డు, క్యాబ్ రోస్టర్, సీటు మీద అతికించిన స్టిక్కర్, పుట్టినరోజు మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్. వీటిలో కొన్నిటిని కంపెనీ తన ఇష్టంతో ఈ రోజే మార్చగలదు. కొన్నిటిని మార్చలేదు: టీడీఎస్ పాన్ పేరు మీద కడతారు, పీఎఫ్ ఖాతా ఆధార్‌తో కలవాలి, బ్యాంకు ఖాతా పేరు బ్యాంకు చేతిలో ఉంటుంది. డ్రాఫ్ట్ ఈ రెండు రకాలను విడదీయకపోతే జరిగేది ఒకటే. పేరోల్ వాళ్లు "ఆధార్ మారే దాకా ఏదీ మార్చలేం" అంటారు, ఐడీ కార్డు సహా అన్నీ ఆగిపోతాయి.

ఇది నేను దగ్గరగా చూశాను. ఒకరికి కొత్త ఐడీ కార్డు ఇచ్చారు, మెయిల్ మార్చారు, టీమ్ అంతా కొత్త పేరుతోనే పిలిచేవాళ్లు. నెలాఖరున జీతం స్లిప్పు వచ్చింది. అది ఆ మనిషికి మాత్రమే వెళ్లే కాగితం, కానీ ఆ ఆఫీసులో స్లిప్పులను ప్రింటు తీసి కవర్లలో పెట్టి పంచేవాళ్లు, కవరు మీద పేరోల్‌లో ఉన్న పాత పేరు పెద్దక్షరాల్లో పడింది. పంచే కుర్రాడు నాలుగు సీట్ల అవతల నుంచి ఆ పేరు పిలుస్తూ "ఈయన ఎవరండీ, ఎక్కడ కూర్చుంటారు?" అని అందరినీ అడిగాడు. అతని తప్పేమీ లేదు. కవరు మీద ఉద్యోగి నంబర్ మాత్రమే వేస్తే సరిపోయేది. పాలసీలో ఆ మాట ఎవరూ రాయలేదు.

కాబట్టి పేరు భాగంలో ఇలా అడగండి. ఆధార్, పాన్ మారకపోయినా కంపెనీ చేతిలో ఉన్న రికార్డులన్నీ ఉద్యోగి అడిగిన ఐదు పనిదినాల్లో మారాలి. ఏయే రికార్డులో పాలసీకి జతచేసిన పట్టికలో ఉండాలి. చట్టం కోసం పాత పేరు ఉంచక తప్పని చోట దాన్ని పేరోల్‌లో ఒకరో ఇద్దరో మాత్రమే చూడగలిగేలా తాళం ఉండాలి. ఆపరేషన్ కాగితాలు, డాక్టరు సర్టిఫికెట్ అడగకూడదు. ఆఫీసు బ్యాడ్జి మీద పేరు మార్చడానికి మనిషి శరీరం గురించి కాగితం దేనికి? ఇది నా గట్టి అభిప్రాయం, మీరు ఏకీభవిస్తే ఇదే మాట రాయండి.

కొత్తగా చేరేవాళ్ల సంగతి దాదాపు ఏ డ్రాఫ్టులోనూ కనబడదు. పాత డిగ్రీ ఒక పేరు మీద, ఇప్పటి గుర్తింపు కార్డు ఇంకో పేరు మీద ఉంటాయి. నేపథ్య తనిఖీ చేసే ఏజెన్సీ వాళ్లు పాత కంపెనీకి ఫోన్ చేసి ఇటు పేరు అటు, అటు పేరు ఇటు చెప్పేస్తారు. చేరక ముందే విషయం రెండు ఆఫీసుల్లో తెలిసిపోతుంది. ఆ ఏజెన్సీతో చేసుకునే ఒప్పందంలో గోప్యత షరతు పెట్టమని, పేర్ల తేడా వస్తే ముందు అభ్యర్థినే అడగాలని రాయమనండి.

టాయిలెట్ల గురించి చాలా గొడవ జరుగుతుంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. "ప్రత్యేక టాయిలెట్ కేటాయిస్తాం" అని డ్రాఫ్ట్‌లో ఉంటే అది ఏ అంతస్తులో, ఎంత దూరంలో, తాళంచెవి ఎవరి దగ్గర అని అడగండి. బేస్‌మెంట్‌లో స్టోర్ రూమ్ పక్కన ఒకటి కట్టి, తాళం సెక్యూరిటీ దగ్గర పెట్టి, వెళ్లిన ప్రతిసారీ రిజిస్టర్‌లో సంతకం పెట్టిస్తే, అది సదుపాయం అనిపించుకోదు, ఆ మనిషి రోజంతా నీళ్లు తాగడం మానేస్తారు. ఎవరైనా వాడుకోగలిగే, లోపల గడియ ఉండే ఒంటరి టాయిలెట్లు ప్రతి అంతస్తులో ఒకటైనా ఉండాలి, వాటిని వాడమని ట్రాన్స్ ఉద్యోగులను బలవంతం చేయకూడదు. ఈ రెండూ కలిపి రాయండి. ఒకటి లేకుండా ఇంకొకటి పనిచేయదు.

ఇక్కడే, మీ ఆఫీసులో కొందరు మహిళా సహోద్యోగులకు ఇబ్బందిగా అనిపించొచ్చు, వాళ్లు కూడా సమాధానం రాస్తారు. రాయనివ్వండి. ఆ భయాన్ని కొట్టిపారేయడం వల్ల ఎవరికీ మేలు జరగదు. కాకపోతే ఆ భయం దేని గురించో విడదీసి చూస్తే ఎక్కువసార్లు తేలేది పైన కిందా ఖాళీ ఉన్న తలుపులు, పనిచేయని గడియలు, వెలుగు లేని కారిడార్లు, ఫోన్ కెమెరాల భయం. వాటిని బాగుచేస్తే అందరికీ మేలు. ఎవరో ఒక సహోద్యోగి కేవలం ట్రాన్స్ కావడమే సమస్య అని రాస్తే, కమిటీ దాన్ని అభిప్రాయంగా నమోదు చేసుకోవచ్చు గానీ, దాని ఆధారంగా ఒకరి హక్కు తగ్గించకూడదు. "ఈ అభిప్రాయ సేకరణ పాలసీని ఎలా అమలు చేయాలన్న దాని మీద మాత్రమే; ట్రాన్స్ ఉద్యోగులు ఇక్కడ పనిచేయవచ్చా లేదా అన్న దాని మీద ఓటింగ్ కాదు" అని మీరు ఒక్క వాక్యం రాస్తే, కమిటీలో సరైన పక్షాన మాట్లాడేవాళ్లకు చేతికి ఒక ఆధారం దొరుకుతుంది.

గేటు దగ్గర తనిఖీ, రాత్రి క్యాబ్ కూడా మర్చిపోవద్దు. ఆడవాళ్లకో లైను, మగవాళ్లకో లైను ఉన్న చోట ట్రాన్స్ ఉద్యోగి ఎటు నిలబడాలో సెక్యూరిటీ గార్డు ఆ క్షణంలో నిర్ణయిస్తాడు, అందరి ముందూ. ఎవరు తనిఖీ చేయాలో ఉద్యోగి ఇష్టం, అడిగితే పక్క గదిలో చేయాలి అని రాయించండి. గార్డులు, డ్రైవర్లు ఎక్కువగా కాంట్రాక్టు ఏజెన్సీ వాళ్లు కాబట్టి పాలసీ వాళ్లకూ వర్తిస్తుందని స్పష్టంగా ఉండాలి. రాత్రి షిఫ్టులో మహిళలకు ఇచ్చే ఎస్కార్ట్, ఇంటి దాకా దింపడం లాంటివి ట్రాన్స్ మహిళలకు, అడిగిన ట్రాన్స్ ఉద్యోగులెవరికైనా ఇవ్వాలి.

ఇప్పుడు ఫిర్యాదులు. మీరు ఒక్కటే రాసే టైమ్ ఉంటే ఇదే రాయండి. 2019 చట్టంలో శిక్షలు చెప్పే పద్దెనిమిదో సెక్షన్ వెట్టిచాకిరీ చేయించడం, ఇంట్లోంచి వెళ్లగొట్టడం, హింసించడం వంటి వాటి గురించి మాట్లాడుతుంది. ఉద్యోగంలో వివక్ష చూపిన యజమానికి ఇంత శిక్ష అని విడిగా పెట్టలేదు. అందువల్ల మీ కంపెనీ పాలసీలో ఏం రాస్తారన్నదే ఆచరణలో ఉద్యోగికి దిక్కు. 2020 నిబంధనల ప్రకారం ఫిర్యాదు అధికారి పదిహేను రోజుల్లో విచారణ చేయాలి, నివేదిక అందాక సంస్థ అధిపతి పదిహేను రోజుల్లో చర్య తీసుకోవాలి. డ్రాఫ్ట్‌లో "సహేతుకమైన సమయంలో" అని ఉంటే ఈ గడువులు చూపించండి. ఆ అధికారి పేరు, ఫోన్ నంబర్ ఉన్నాయా చూడండి. "హెచ్‌ఆర్‌ను సంప్రదించండి" అంటే చాలదు. ఫిర్యాదు హెచ్‌ఆర్ హెడ్ మీదే అయితే ఎవరికివ్వాలో కూడా ఉండాలి.

లైంగిక వేధింపుల విషయంలో ఇంకో ఖాళీ ఉంది. 2013 చట్టం ఫిర్యాదు చేసే హక్కును మహిళలకు ఇచ్చింది. ట్రాన్స్ పురుషుడికో, స్త్రీ పురుషులలో ఏదీ కాదనుకునే వ్యక్తికో వేధింపు జరిగితే ఆ ఫిర్యాదులు విచారించే ఆఫీసు అంతర్గత కమిటీ "మా పరిధిలోకి రాదు" అని ఫైలు వెనక్కి పంపే వీలుంది. ట్రాన్స్ మహిళ వస్తే లింగ గుర్తింపు సర్టిఫికెట్ చూపించమని అడిగేవాళ్లూ ఉంటారు. కంపెనీ తన సర్వీసు నిబంధనల ద్వారా అదే విచారణ పద్ధతిని అందరికీ వర్తింపజేయడానికి చట్టం అడ్డు చెప్పదు. యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) ఉన్నత విద్యాసంస్థల కోసం చేసిన 2015 నిబంధనల్లో థర్డ్ జెండర్ విద్యార్థులను కూడా చేర్చింది, అది ఉదాహరణగా చూపించొచ్చు. కమిటీ సభ్యులు అడగకూడని ప్రశ్నల జాబితా కూడా ఉండాలి. వేధింపు మీద ఫిర్యాదు చేసిన మనిషిని "మీకు ఆపరేషన్ అయిందా?" అని అడగడం ఇంకో వేధింపే.

బీమా సంగతి క్లుప్తంగా. ఆరోగ్య బీమా పాలసీల మినహాయింపుల్లో "ఎక్స్‌సీఎల్ 07" అనే కోడ్ కింద లింగ మార్పిడి చికిత్స ఉంటుంది. గ్రూప్ పాలసీ కొనేటప్పుడు కంపెనీ బేరమాడి దాన్ని తీయించుకోవచ్చు, రెన్యువల్ సమయంలో అడగమని రాయండి. కుటుంబ ప్రయోజనాల్లో "భార్య లేదా భర్త" అని మాత్రమే ఉంటే స్వలింగ జంటలు బయటే ఉండిపోతారు, ఎందుకంటే 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు వాళ్ల పెళ్లిని హక్కుగా గుర్తించలేదు. "జీవిత భాగస్వామిగా ఉద్యోగి ప్రకటించిన వ్యక్తి" అని పెట్టుకోవడం కంపెనీ చేతిలోనే ఉంది. జాయింట్ బ్యాంకు ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ కూడా స్పష్టం చేసింది.

శిక్షణ గురించి నాకు పెద్ద ఆశల్లేవు. ఏడాదికోసారి గంట వీడియో చూపించి క్లిక్ కొట్టించుకుంటే ఏమీ మారదు. మేనేజర్లకు, గార్డులకు, రిసెప్షన్ వాళ్లకు విడిగా, ట్రాన్స్ వ్యక్తులకు డబ్బు చెల్లించి వాళ్ల చేతే చెప్పిస్తే కొంత ప్రయోజనం. అంతకంటే పనికొచ్చేది బయటి జీవితం గురించి ఆలోచించడం. 2017లో కొచ్చి మెట్రో ఇరవై మందికి పైగా ట్రాన్స్ వ్యక్తులకు ఉద్యోగాలిచ్చింది, దేశమంతా మెచ్చుకుంది. కొద్ది రోజులకే కొందరు మానేశారు. కారణం, వాళ్లకు ఊళ్లో అద్దె ఇల్లు ఇచ్చేవాళ్లు దొరకలేదు. కొత్తగా చేరేవాళ్లకు మొదటి రెండు నెలల వసతికి కంపెనీ తరఫున హామీ ఉత్తరం ఇవ్వండి అని మీరు రాస్తే, నాకు తెలిసి కమిటీలో ఎవరూ ఊహించని పాయింట్ అవుతుంది.

మీ టెన్షన్ గురించి. సమాధానం ఆఫీసు మెయిల్ నుంచే, మర్యాదగా, ఒక కాపీ దాచుకుని పంపండి. మీతో ఏకీభవించే ముగ్గురు నలుగురు ఉంటే కలిసి సంతకం పెట్టండి, ఒక్కరి మీద చూపు పడదు. అభిప్రాయం చెప్పినందుకు ఎవరి మీదా చర్య ఉండదని కన్సల్టేషన్ నోటీసులో లేకపోతే ఆ వాక్యం చేర్చమని ముందుగా అడగండి. వేరేవాళ్ల కోసం అడిగినట్టే ఉంటుంది.

రాసే తీరుకు ఒక నమూనా ఇస్తాను, మీ మాటల్లోకి మార్చుకోండి: "నాలుగో పేరాలో ఫిర్యాదులను హెచ్‌ఆర్ పరిశీలిస్తుందని ఉంది. 2019 చట్టం పదకొండో సెక్షన్ ప్రకారం ఫిర్యాదు అధికారిని నియమించాలి. ఆ అధికారి పేరు, ఫోన్ నంబర్, ఆ అధికారి మీదే ఫిర్యాదు ఉంటే ప్రత్యామ్నాయం ఎవరు అన్నది ఈ పేరాలో చేర్చాలి. విచారణకు పదిహేను రోజులు, చర్యకు పదిహేను రోజుల గడువు రాయాలి. ఫిర్యాదు చేసిన వ్యక్తి లింగ గుర్తింపు వివరాలు విచారణ చేసేవారికి తప్ప టీమ్ మేనేజర్‌కు తెలియజేయరాదని చేర్చాలి." ఇంతే. విశేషణాలు అక్కర్లేదు, ఉపన్యాసం అక్కర్లేదు. ఇలాంటి పేరాలు మూడు ఉంటే చాలు, మీ సమాధానం కమిటీ బల్ల మీద చివరిదాకా ఉంటుంది.

శుక్రవారానికి అన్నీ రాయలేకపోతే ఫిర్యాదుల భాగం, పేరు మార్పు భాగం పంపేయండి. అదే మెయిల్‌లో, వచ్చిన సూచనల్లో వేటిని తీసుకున్నారో, వేటిని ఎందుకు తీసుకోలేదో ఉద్యోగులకు తెలియజేయమని అడగండి. ఫైనల్ పాలసీ వచ్చాక ఈ డ్రాఫ్ట్ పక్కన పెట్టుకుని చదవండి. "తప్పనిసరిగా" అని ఉన్న చోట "వీలైనంత వరకు" అని మారి ఉంటే, ఆ పేరా నంబర్ వేసి మళ్లీ మెయిల్ పెట్టండి.